డేనియల్ జాక్సన్, మా తవ్వకాలు: అపోహలు - వాస్తవాలు

మా అక్క కొడుకు ఇక్కడే చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చి ‘స్టార్‌గేట్’ అనే సైన్స్ ఫిక్షన్ కథ చూస్తాడు. 1994 నాటి సినిమాలో జేమ్స్ స్పేడర్, 1997లో మొదలైన సిరీస్‌లో మైకేల్ షాంక్స్ వేసిన పురావస్తు శాస్త్రవేత్త డేనియల్ జాక్సన్ పాత్ర అంటే వాడికి ప్రాణం. నేనూ పురావస్తు తవ్వకాలు చేసేదాన్నే. "పిన్నీ, నీ పనీ ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పిరమిడ్లు మనుషులు కట్టినవి కావు.

కథలో అవి గ్రహాంతరవాసుల నౌకలు దిగే చోట్లు. కథగా నాకూ ఇష్టమే. నిజమని నమ్మి వాదనకు దిగితే మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఈజిప్టులో పిరమిడ్లున్న గిజాలో, వాటిని కట్టిన పనివాళ్లు ఉన్న ఊరే బయటపడింది, వాళ్లు రొట్టెలు కాల్చుకున్న చోటుతో సహా. 1990లో వాళ్ల సమాధులు దొరికాయి. విరిగి, మళ్లీ చక్కగా అతుక్కున్న ఎముకలున్నాయి అందులో. అంటే దెబ్బ తగిలినవాడికి ఎవరో కట్టు కట్టి చూసుకున్నారు. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) చుట్టలు దొరికాయి. మెరెర్ అనే అధికారి తన మనుషులతో తురా గనుల సున్నపురాయిని పడవల్లో గిజాకు చేర్చిన రోజువారీ లెక్క అది. గిజా పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలం నాటి మేస్త్రీ చిట్టా! అది కళ్లముందు ఉండగా ఆ కష్టాన్ని ఇంకెవరి ఖాతాలోనో ఎలా వేస్తాం?

అపోహ: ఏ లిపైనా చూడగానే చదివేస్తాం.

ప్రాచీన ఈజిప్టు లిపి చెక్కిన రొసెట్టా రాయి దొరికింది 1799లో. షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పింది 1822లో. మన ప్రాచీన బ్రాహ్మి లిపిని ప్రిన్సెప్ 1837లో చదివాడు. సింధు లిపి ఇప్పటికీ లొంగలేదు. నా చదువు కుండ పెంకుల మీద. శాసనం కనిపిస్తే లిపి తెలిసినవాళ్లకే ఫోన్ చేస్తాను.

అయితే సినిమా ఒక సంగతి బాగా పట్టుకుంది. ప్రాచీన ఈజిప్టు రాతలో అచ్చులుండవు. అందుకే డేనియల్‌కు రాత తెలిసినా, అతను వెళ్లిన వేరే గ్రహంలో ఆ భాషే మాట్లాడేవాళ్ల మాట అర్థం కాదు. ఆ ఊరి అమ్మాయి పలుకుతుంటే విని, ఒక్కో అచ్చూ సరిచేసుకుంటాడు. నాకు అతను నచ్చేది అక్కడే, తుపాకీ పట్టినప్పుడు కాదు.

అపోహ: బంగారం దొరుకుతుంది.

మాకు దొరికేవి పెంకులు, బొగ్గు ముక్కలు, ఎముకలు. తాపీతో పొర పొరగా గీకుతాం, తీసిన మట్టి జల్లెడ పడతాం. పెంకుల్ని పాత టూత్‌బ్రష్‌తో కడిగి గోనెపట్టా మీద ఆరబెట్టి, ఒక్కోదాని మీద ట్రెంచ్ నంబరు, పొర నంబరు రాస్తాం. ఒకసారి అలా కడుగుతుంటే కుండ అంచు కింద కుమ్మరి బొటనవేలి ముద్ర కనిపించింది. నా వేలు అందులో సరిగ్గా ఇమిడింది. ఆ రోజు అన్నం కూడా సయించలేదు, అంత సంతోషం.

అపోహ: దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చు.

కుదరదు. తవ్వాలంటేనే ఏఎస్ఐ (భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ) లైసెన్సు కావాలి.

వచ్చే ఆదివారం వాణ్ని ఎగ్మూర్ మ్యూజియానికి తీసుకెళ్తున్నాను, మన అమరావతి శిల్పాలు చూపించడానికి. ఆ స్తూపానికి దానమిచ్చి పేరు చెక్కించుకున్నవాళ్లలో విధికుడనే తోలు పని చేసే ఆయన కూడా ఉన్నాడు.