ఎండ తగిలితే నీలం

యూదులు ప్రార్థన వేళ కప్పుకునే శాలువా నాలుగు మూలలా ముడులు వేసిన పోగులు వేలాడుతుంటాయి. వాటిలో ఒక పోగు నీలంగా ఉండాలని బైబిల్ సంఖ్యాకాండం 15వ అధ్యాయం చెబుతుంది. ఆ నీలాన్ని తెఖెలెత్ అంటారు. అది హిల్లజోన్ అనే సముద్రజీవి నుంచే రావాలి, మొక్కల రంగు చెల్లదు అన్నది యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ పండితుల మాట. సుమారు 7వ శతాబ్దం తర్వాత ఆ అద్దకం తెలిసినవాళ్లు లేకుండా పోయారు. హిల్లజోన్ అంటే ఏ జీవో కూడా జనం మరిచిపోయారు. పన్నెండు వందల ఏళ్లకు పైగా తెల్లపోగులతోనే సరిపెట్టుకున్నారు.

1880లలో రాజిన్ పట్టణపు రబ్బీ (యూదు మతగురువు) గెర్షోన్ హెనోఖ్ లైనర్ పోలండ్ నుంచి ఇటలీలోని నేపుల్స్ అక్వేరియం దాకా వెళ్లి, ఆ జీవి సిరా చిమ్మే కటిల్‌ఫిష్ అని తేల్చారు. దాని సిరాతో నీలం చేయించి శిష్యులకు ఇచ్చారు. తర్వాత ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ అయిన ఐజాక్ హెర్జోగ్ 1913 నాటి తన లండన్ పరిశోధన కోసం ఆ పోగుల్ని పరీక్ష చేయించారు. తేలింది ప్రష్యన్ బ్లూ అనే కృత్రిమ రంగు. తయారీలో వేసిన ఇనుప రజనుతో పుట్టిన రంగది. సిరా బదులు ఇంకో జంతు పదార్థం వేసినా అలాగే వచ్చేది. సాటి రబ్బీ మాటనైనా ప్రయోగశాలకు పంపిన హెర్జోగ్ నిజాయతీ నాకెంతో నచ్చుతుంది.

హెర్జోగ్ అనుమానం మధ్యధరా తీరపు మ్యూరెక్స్ నత్త మీద ఉండేది. చిక్కేమిటంటే అది ఇచ్చే రంగు ఊదా.

ఈ నత్త మొప్పల దగ్గరి గ్రంథిలో ఉండే ద్రవానికి మొదట రంగుండదు. గ్రంథిని చీలిస్తే అందులోని ఎంజైమ్, గాలిలోని ఆక్సిజన్ కలిసి పనిచేస్తాయి. ద్రవం పసుపు, ఆకుపచ్చ అవుతూ చివరికి ఊదాకు తిరుగుతుంది. వెల్లుల్లిని తలపించే ఘాటైన వాసన కూడా వస్తుంది. ఒక్కో నత్తలో ఉండే రంగు చాలా తక్కువ. 1909లో ఫ్రీడ్లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త ఇదే కుటుంబంలోని మరో రకం నత్తలు 12,000 తీసుకుంటే దక్కింది 1.4 గ్రాములే.

ఊదా చిక్కు 1980లలో విడిపోయింది. ఇజ్రాయెల్‌లోని షెంకర్ కాలేజీలో ఓటో ఎల్స్నర్ ఈ రంగుతో పనిచేస్తూ ఒక తేడా గమనించారు: మబ్బు రోజున అద్దిన ఉన్ని ఊదాగా వస్తోంది, ఎండ రోజున నీలంగా వస్తోంది. ఉన్నికి పట్టాలంటే రంగును ముందు ఆక్సిజన్ లేని తొట్టిలో కరిగించాలి. అలా కరిగి ఉన్నప్పుడు ఎండ తగిలితే రంగు అణువుకు అంటుకున్న బ్రోమిన్ అనే మూలకం ఊడిపోతుంది. మిగిలేది అచ్చమైన ఇండిగో.

అంటే మన కలంకారీ అద్దకందార్లు వాడిన నీలిమందులోని అణువే! తాల్ముద్ వద్దన్న మొక్కరంగు కూడా ఈ నీలిమందేనని పండితుల అభిప్రాయం. దాన్ని పోగుకు అద్ది తెఖెలెత్ అని నమ్మించేవాణ్ణి దేవుడే శిక్షిస్తాడని అక్కడ రాసి ఉంది. చూసే కంటికి తేడా తెలియదు కాబట్టే అంత గట్టి హెచ్చరిక కావలసి వచ్చిందని నాకనిపిస్తుంది. నేటి ప్రయోగశాలకు మాత్రం ఒక ఆధారం దొరుకుతుంది. నత్త రంగులో తరచుగా బ్రోమిన్ ఊడని అణువులు కొన్ని మిగిలిపోతాయి, మొక్కరంగులో అవి ఉండవు. పురాతన బట్ట ముక్కల్లో నత్త రంగును పురావస్తు పరిశోధకులు ఇలాగే గుర్తుపడుతున్నారు.

ఇంత తేలినా అందరూ ఒప్పుకోలేదు. కొందరు ఇప్పుడు నత్త నీలం కట్టుకుంటున్నారు, రాజిన్ సంప్రదాయంవాళ్లు కటిల్‌ఫిష్ నీలాన్నే పాటిస్తున్నారు, చాలామంది తెల్లపోగులతోనే ఉన్నారు.