యూనియన్ అంటే సమ్మె ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్టరీ యూనియన్ బాధ్యుడిగా నేను ఎక్కువగా చేసే పని ఛార్జిషీటు (మేనేజ్‌మెంట్ ఇచ్చే ఆరోపణల కాగితం) అందుకున్న కార్మికుడి పక్కన కంపెనీ జరిపే ఎంక్వైరీలో కూర్చోవడం. అలా వచ్చేవాళ్లలో చాలామంది యూనియన్ గురించి తప్పుడు మాటలు విని, చేయి దాటిపోయాక వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: యూనియన్లు రాజకీయ పార్టీలు పెట్టినవి.

వాస్తవం: మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు తమ కష్టాలను మొదట చెప్పుకున్నది అక్కడ భజన సమాజం నడిపే వ్యాపారులు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడులకు. మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా సరైన టైము లేదన్నది వాళ్ల గోడు. ఆ ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బి.పి. వాడియాను కలిశారు. ఆయన అధ్యక్షుడిగా 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. 1920లో లాకౌట్ (యాజమాన్యమే మిల్లు మూసి కార్మికులను బయట నిలబెట్టడం) వచ్చినప్పుడు కంపెనీ హైకోర్టుకెళ్లి యూనియన్ నాయకుల మీద ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంది. కార్మికుల తరఫున నిలబడినందుకే దావా వేయొచ్చన్నమాట! 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ఈ విషయం లేవనెత్తారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చి, రిజిస్టరైన యూనియన్లకు అలాంటి కేసుల నుంచి రక్షణ ఇచ్చింది. ఈరోజు నేను మేనేజ్‌మెంట్‌తో ధైర్యంగా మాట్లాడగలుగుతున్నానంటే అది ఆ మిల్లు కార్మికుల పుణ్యమే.

అపోహ: పని ఎగ్గొట్టేవాళ్లను కాపాడటానికే యూనియన్.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎంక్వైరీలో మేం అడిగేది న్యాయమైన విచారణ. ఆరోపణ స్పష్టంగా రాసివ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, సాక్షులను ప్రశ్నించనివ్వాలి. తప్పు చేసినవాడికైనా తప్పుకు తగ్గ శిక్షే పడాలి. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకు మొదటి 90 రోజులు జీతంలో సగం, ఆ తర్వాత ఆలస్యానికి కారణం కార్మికుడు కాకపోతే 75 శాతం జీవనభృతి ఇవ్వాలి. ఇది చాలామందికి తెలియదు. ఇంట్లో పొయ్యి వెలగక, టెన్షన్ తట్టుకోలేక రాజీనామా రాసిచ్చేస్తారు. దయచేసి అలా రాయకండి. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. మీరిచ్చే ప్రతి జవాబుకూ కాపీ ఉంచుకుని, అందినట్టు సంతకం తీసుకోండి. ఛార్జిషీటు అందిన రోజే యూనియన్‌కు చెప్పండి. సంజాయిషీ ఇచ్చేశాక వస్తే, అందులో తెలియక ఒప్పుకున్న మాటలను సరిదిద్దడం చాలా కష్టం.

అపోహ: యూనియన్ అంటే సమ్మె.

వాస్తవం: సమ్మె చివరి మెట్టు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే చట్టం ప్రకారం 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. ఆవేశంలో ఇది మర్చిపోతే కార్మికులే నష్టపోతారు.

అపోహ: లేబర్ కోర్టు ఉండగా యూనియన్ ఎందుకు?

వాస్తవం: వి.వి. గిరి కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు కూడా వివాదాలు యాజమాన్యం, యూనియన్ల మధ్య బేరసారాలతోనే తేలాలని గట్టిగా చెప్పేవారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలను తేల్చే న్యాయస్థానం) ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చేస్తే, 1954లో పదవి వదులుకున్నారు. గెలిచిన తీర్పును అమలు చేయించుకోవడానికైనా వెనక సంఘబలం ఉండాలి.

అపోహ: కాంట్రాక్టు కార్మికులు చేరకూడదు.

వాస్తవం: చేరవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. వాళ్లకు తలుపులు మూసింది చాలాచోట్ల పర్మినెంట్ కార్మికుల యూనియన్లే. అది తప్పని మా మీటింగుల్లోనూ చెబుతూనే ఉన్నాను.

అపోహ: నాయకుణ్ని ప్రశ్నిస్తే యూనియన్‌కు ద్రోహం.

వాస్తవం: లెక్కల పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు ప్రతి సభ్యుడికీ చట్టం ఇచ్చింది. ఆ పనిలో లేని బయటివాళ్లు ఆఫీస్ బేరర్లలో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. చందా కట్టిన రశీదు దాచుకోండి. జనరల్ బాడీలో లేచి లెక్కలు అడగండి, మేనేజ్‌మెంట్‌తో ఒప్పందం కుదిరితే సంతకాలకు ముందే చదివి వినిపించమనండి.