తెర మీది పదిహేనేళ్లు, ఇంట్లోని పదిహేనేళ్లు: టీనేజీ డ్యాన్స్ సినిమాలపై అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో బడిపిల్లలకు డ్యాన్స్ నేర్పడం నా వృత్తి. ఏటా వేసవి సెలవుల్లో కొత్త పిల్లలు చేరినప్పుడల్లా వారితో పాటు ఏదో ఒక సినిమా కూడా క్లాసుకు వస్తుంది. తల్లో తండ్రో ఫోన్ తీసి ఒక క్లిప్ చూపించి, "మేడం, గీ సినిమాల ఆ పిల్ల మా బిడ్డ ఈడుదే కద, గంత మంచిగ ఎట్ల ఆడుతున్నది? మా బిడ్డకు రెండేండ్ల సంది నేర్పిస్తున్నా గది వస్తలేదు ఎందుకు?" అని అడుగుతారు. పక్కనే నిలబడ్డ ఆ బిడ్డ ముఖం అప్పుడు ఎలా ఉంటుందో అడిగేవారు చూడరు, ఎదురుగా ఉన్న నేను చూస్తాను. అందుకే ఈ ప్రశ్నకు విడివిడిగా చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఈ సినిమాల్లో ఆడేవాళ్లు మన పిల్లల వయసువాళ్లే.

కాదు. మిగతా అపోహలన్నీ కలిపి చేసే నష్టం కంటే ఈ ఒక్కటి చేసే నష్టమే ఎక్కువ కాబట్టి దీని గురించే వివరంగా చెబుతాను.

1984లో వచ్చిన అమెరికన్ సినిమా ‘ఫుట్‌లూస్’లో హైస్కూల్ కుర్రాడిగా నటించిన కెవిన్ బేకన్ 1958లో పుట్టారు. సినిమా విడుదలయ్యేనాటికి ఆయనకు 25 ఏళ్లు. ఆ కుర్రాడు కోపం పట్టలేక ఖాళీ గోదాములో ఒంటరిగా ఎగిరి, గిరగిర తిరిగి, పల్టీలు కొట్టే ఘట్టంలో ఆయన ఒక్కరే లేరు. నృత్యానికి ఒక డూప్, పల్టీలకు జిమ్నాస్టిక్స్ తెలిసిన డూప్‌లు ఉన్నారు. 1987 నాటి ‘డర్టీ డ్యాన్సింగ్’ నాయిక కథలో 17 ఏళ్ల అమ్మాయి. ఆ పాత్ర ధరించిన జెన్నిఫర్ గ్రే 1960లో పుట్టారు, అంటే అప్పటికి ఇరవై ఆరు దాటిన యువతి.

ఇక 1983 నాటి ‘ఫ్లాష్‌డ్యాన్స్’ చివర్లో వచ్చే ఆడిషన్ ఘట్టాన్ని నేను క్లాసులో పెద్ద పిల్లలకు వేగం తగ్గించి, షాట్ మారిన ప్రతిచోటా ఆపి చూపిస్తాను. అందులో ముఖం జెన్నిఫర్ బీల్స్‌ది. నృత్యంలో ఎక్కువ భాగం మరీన్ జహాన్ అనే ఫ్రెంచ్ నర్తకిది, ఆమె పేరును సినిమా టైటిళ్లలో కూడా వేయలేదు. గాలిలోకి ఎగిరి దూకింది షారన్ షపీరో అనే జిమ్నాస్ట్. వీపు మీద బొంగరంలా తిరిగింది క్రేజీ లెగ్స్ అని పేరుపడ్డ న్యూయార్క్ బ్రేక్ డ్యాన్సర్, అతను మగవాడు. ఒక్క అమ్మాయి ఆడినట్టు మనం నమ్మిన ఆ కాసేపటి నృత్యంలో నలుగురి శరీరాలు ఉన్నాయి. ఎగిరే క్షణంలో, వీపు మీద తిరిగే క్షణంలో ముఖం గుర్తుపట్టే వీలే ఉండదని పిల్లలు తామే కనిపెట్టినప్పుడు, ఇన్నాళ్లూ తమలోనే ఏదో లోపం ఉందనుకున్న పిల్లలు ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపిస్తుంది.

రీమేకులు ఈ దూరాన్ని తగ్గించలేదు, పెంచాయి. 2011లో క్రెయిగ్ బ్రూవర్ ‘ఫుట్‌లూస్’ను మళ్లీ తీసినప్పుడు నాయకుడిగా కెన్నీ వర్మాల్డ్‌ను తీసుకున్నారు. ఆయన అప్పటికే వృత్తి నర్తకుడు, వయసు ఇరవై ఆరు, ఇరవై ఏడు. తన నృత్యం తానే చేయగలిగినవాడు కాబట్టి, "ఇందులో డూప్ కూడా లేడు మేడం" అని పిల్లలు దాన్ని మరింత గట్టిగా నమ్ముతారు. డూప్ సంగతి ఎలా ఉన్నా, అక్కడ పదిహేనేళ్ల పిల్లవాడు లేడన్నది అంతకంటే ముఖ్యమైన నిజం. ఆ రెండు సినిమాల్లోనూ నా దృష్టిలో అసలైన కౌమారం కనిపించేది నాయకుడిలో కాదు, అడుగు వేయడమే రాక సిగ్గుపడుతూ స్నేహితుడి దగ్గర మెల్లగా నేర్చుకునే విలార్డ్ అనే పిల్లవాడిలో.

పెరిగే శరీరం గురించి ఈ సినిమాలు ఏమీ చెప్పవు. ఆడపిల్లలు సుమారు 11–12 ఏళ్ల వయసులో, మగపిల్లలు 13–14 ఏళ్ల వయసులో అన్నిటికంటే వేగంగా పొడవు పెరుగుతారు. ఆ ఒక్క ఏడాదిలో ఆడపిల్లలు 8, మగపిల్లలు 9 నుంచి 10 సెంటీమీటర్ల వరకు పెరగవచ్చు. ముందుగా కాళ్లు, చేతుల ఎముకలు సాగుతాయి, కండరాలు వాటిని అందుకోవడానికి సమయం పడుతుంది. ఆ మధ్యకాలంలో నిన్నటిదాకా చక్కగా వచ్చిన స్పిన్ తప్పుతుంది, ముందుకు వంగితే నేల అందదు, దూకితే పాదం ఎక్కడ పడుతుందో అంచనా చిక్కదు. రాత్రికి రాత్రే సీటు ఎత్తు మార్చిన సైకిల్ తొక్కుతున్నట్టు ఉంటుంది ఆ పిల్లవాడి పరిస్థితి. ఇది బద్ధకం కాదు, శ్రద్ధ తగ్గడం కాదు, ఫోన్ చూసి చెడిపోవడం అంతకంటే కాదు. ఈ సమయంలోనే "నీకు రాదులే" అన్న మాట వినబడి, నిజంగా రావలసిన పిల్లలు ఎందరో మానేస్తున్నారు. మరికొందరు మానకుండా, సినిమాలో చూసినదాన్ని ఎవరికీ చెప్పకుండా డాబా మీద సాధన చేసి దెబ్బలు తగిలించుకుంటున్నారు.

కాజీపేట నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. జూన్‌లో కుట్టించిన స్కూలు ప్యాంటు సంక్రాంతి నాటికి చీలమండల పైకి పోయింది. వాడు గెంతులప్పుడు వెనక వరుసలోకి జరుగుతున్నాడని గమనించి మోకాళ్ల మీద కూర్చోమన్నాను. ముందు రెండు అరచేతులూ చాప మీద ఆనించి, బరువంతా వాటి మీద వేసి, కుడి మోకాలు నేలకు తగలకుండా పక్కకు ఒరిగాడు. చూస్తే మోకాలి చిప్పకు కొంచెం కింద, కాలి ఎముక మొదట్లో, రూపాయి బిళ్లంత మేర ఉబ్బి ఉంది. వేలు ఆనిస్తేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. సినిమాల్లో గాలిలోంచి నేరుగా మోకాళ్ల మీద పడి జారే విన్యాసాన్ని వాడు కొన్ని నెలలుగా రాత్రిపూట సిమెంటు డాబా మీద చేస్తున్నాడని అప్పుడు బయటపడింది. తండ్రి మొదట, "నాటకాలాడుతుండు మేడం, పరీక్షలున్నయి కద" అన్నాడు. నిజానికి ఆయనది కోపం కాదు, భయం. మోకాలికి ఆపరేషన్ చేయాల్సి వస్తుందని, ఇక ఎత్తు పెరగడని వీధిలో ఎవరో చెప్పారట. ఇలాంటి మాటలు పుట్టించేవారి మీద నాకు ఏమాత్రం ఓపిక లేదు. వాళ్లు ఒక వాక్యం అనేసి వెళ్లిపోతారు, ఆ ఇంట్లో వారం రోజులు ఎవరికీ నిద్ర ఉండదు.

ఎముకల డాక్టరు చూసి దాన్ని ఆస్గుడ్-ష్లాటర్ అన్నారు. తొడ కండరం మోకాలి చిప్ప మీదుగా వచ్చి కాలి ఎముకకు అతుక్కునే చోట పెరిగే వయసులో గట్టి ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి ఉంటుంది. పదే పదే గెంతినప్పుడు కండరం దాన్ని లాగి లాగి నొప్పి, వాపు తెస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేసరికి ఎక్కువమందిలో దానంతట అదే తగ్గిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్లడం చాలా అరుదు, ఎత్తుకు వచ్చే లోటు ఏమీ లేదు. గెంతులు, మోకాళ్ల మీద పడటం ఆపించి, తొడ కండరాలు సాగే వ్యాయామాలు చేయిస్తూ, ఆ నెలల్లో వాడికి చేతుల కదలిక, తాళం, అడుగుల లెక్క నేర్పాం. ఆ పిల్లవాడు డ్యాన్స్ మానలేదు.

నడుము విషయం ఇంతకంటే జాగ్రత్తగా చూడాలి. వెనక్కి వంగే విన్యాసాలు రోజూ అతిగా చేసే పిల్లల్లో నడుము దగ్గర వెన్నుపూసకు సన్నని పగులు రావచ్చు. వెనక్కి వంగినప్పుడల్లా ఒకేచోట నొప్పి వస్తూ రెండు వారాలు దాటితే, నూనె మర్దనలతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించండి.

నిజంగా ఆ వయసు పిల్లవాడినే పెట్టి చేస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే ‘బిల్లీ ఎలియట్’ చరిత్ర చూడాలి. 2000 నాటి ఆ బ్రిటిష్ సినిమాలో బ్యాలే అనే పాశ్చాత్య నృత్యం నేర్చుకునే 11 ఏళ్ల బిల్లీ పాత్రను వేసిన జేమీ బెల్ 1986లో పుట్టారు, అంటే నిజంగానే పిల్లవాడు. అదే కథ 2005లో లండన్‌లో సంగీత నాటకమైనప్పుడు ఆ పాత్రకు ఒక్క అబ్బాయి సరిపోలేదు. ముగ్గురు వంతులవారీగా వేశారు, బ్రిటన్ నాటకరంగంలో ఇచ్చే ఒలివియర్ పురస్కారాన్ని కూడా ఆ ముగ్గురికీ కలిపే ఇచ్చారు. గొంతు మారినా, పొడవు పెరిగినా ఆ పిల్లవాడు తప్పుకొని కొత్తవాడు రావలసిందే. అంత పెద్ద నాటకశాలే ఒక్క పిల్లవాడి ఒంటి మీద రోజూ అంత బరువు పెట్టలేనప్పుడు, మనం యాన్యువల్ డే కోసం మూడు వారాల్లో పెట్టమంటే ఎలా?

మూడు వారాలంటే గుర్తొచ్చింది. సినిమాలో ఒక పాట పూర్తయ్యేలోగా నాయకుడికి విద్య వచ్చేస్తుంది. 1980లో అలన్ పార్కర్ తీసిన ‘ఫేమ్’ మాత్రం ఈ విషయంలో నిజాయితీ చూపింది. నృత్యం, సంగీతం, నటన నేర్పే ఒక హైస్కూల్లో ప్రవేశ పరీక్షల నుంచి చదువు ముగిసే రోజు వరకు నాలుగేళ్ల కాలాన్ని ఏడాది ఏడాదిగా చూపించి, చివరికి ఎవరు పేరు తెచ్చుకున్నారో చెప్పకుండానే ముగించింది. ఆ పిల్లల భయాలను, వాళ్లను మోసగించే పెద్దలను కూడా దాచలేదు కాబట్టే అమెరికాలో దానికి పెద్దలతో కలిసి చూడవలసిన ‘ఆర్’ రేటింగ్ వచ్చింది. 2009 రీమేక్‌ను చిన్నపిల్లలు కూడా చూడగలిగేలా ‘పీజీ’ రేటింగ్‌కు తగ్గట్టు మెత్తబరిచారు. పిల్లల కోసం తీసిన రీమేక్‌లోంచి పిల్లల కష్టమే తగ్గిపోవడం నాకు బాధ కలిగించే విషయం.

అపోహ: ఇవి చూస్తే పిల్లలు ఎదురు తిరగడం నేర్చుకుంటారు.

ఈ భయం ఉన్న తల్లిదండ్రులను నేను తప్పుపట్టను, సినిమా పూర్తిగా చూడమని మాత్రమే కోరతాను. ‘ఫుట్‌లూస్’కు ప్రేరణ ఓక్లహోమా రాష్ట్రంలోని ఎల్మోర్ సిటీ అనే చిన్న ఊరు. దశాబ్దాలుగా బహిరంగ నృత్యంపై నిషేధం ఉన్న ఆ ఊళ్లో 1980లో హైస్కూల్ పిల్లలు అడిగి, పెద్దలను ఒప్పించి తమ నృత్య వేడుక జరుపుకున్నారు. సినిమాలోనూ కుర్రాడు ఊరి సభకు వెళ్లి, బైబిల్ వాక్యాలు చదివి వినిపించి అనుమతి అడుగుతాడు. సభ ఒప్పుకోదు. అప్పుడు ఊరి పొలిమేర అవతల, నృత్యం వద్దని పట్టుబట్టిన చర్చి పాస్టర్ అభ్యంతరం చెప్పకపోయాక వేడుక జరుగుతుంది. ఆ పాస్టర్ కూడా దుర్మార్గుడు కాడు, కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి. 2011 రీమేక్ ఆ ప్రమాదాన్నే మొట్టమొదటి ఘట్టంగా పెట్టింది. అంటే పిల్లల కోరిక కంటే ముందు పెద్దల దుఃఖాన్ని మనకు చూపించింది. రీమేక్ అంటే కాపీ అని తీసిపారేసేవారు ఈ ఒక్క మార్పును గమనించినా చాలు.

అపోహ: మగపిల్లలకు డ్యాన్స్ ఎందుకు?

ఓరుగల్లులో ఈ మాట వినడం నాకు కష్టంగా ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసేనకు అధిపతిగా ఉన్న జాయప సేనాని 13వ శతాబ్దంలో ‘నృత్తరత్నావళి’ అనే నృత్యశాస్త్ర గ్రంథం రాశాడు. నటరాజ రామకృష్ణ గారు పునరుద్ధరించిన పేరిణి యోధుల నృత్యం. బరాత్‌లో తీన్మార్ మోగితే తెల్లవార్లూ ఆడే మగవాళ్లే, కొడుకు క్లాసుకు వస్తానంటే నలుగురూ ఏమంటారోనని వెనకాడతారు. ‘బిల్లీ ఎలియట్’ సినిమాలో బిల్లీ తండ్రి బ్రిటన్‌లో 1984–85 సమ్మెలో ఉన్న బొగ్గుగని కార్మికుడు, బాక్సింగ్ నేర్చుకోమని పంపిన కొడుకు బ్యాలేలో చేరాడని మండిపడినవాడు. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చే సింగరేణి కుటుంబాలకు నేను ఈ సినిమానే చూడమని చెబుతాను; అందులోని తండ్రిని వాళ్లు నాకంటే బాగా అర్థం చేసుకుంటారు.

మిగిలినవి క్లుప్తంగా. పోటీలో కప్పు గెలవకపోతే నేర్చుకున్నది వృథా అన్నది సినిమా చివరి పావుగంట పెట్టిన నమ్మకం. నా దగ్గర ఎప్పుడూ పోటీకి వెళ్లని పిల్లలు ఎందరో బాగా ఆడతారు. లావుగా ఉన్నవారికి డ్యాన్స్ రాదన్నది అబద్ధం. 1988లో వచ్చి 2007లో మళ్లీ తీసిన ‘హెయిర్‌స్ప్రే’ నాయికే దానికి సమాధానం. ఎదిగే వయసులో బరువు తగ్గాలని పిల్లలకు తిండి తగ్గించడం ప్రమాదకరం, దయచేసి చేయకండి.

పదో తరగతి రాగానే మాన్పించాలా అని ఈ నెలలోనే చాలామంది అడిగారు. మాన్పించనవసరం లేదు. వారానికి రెండు రోజులకు తగ్గించండి, కొత్త విన్యాసాలు ఆపి వచ్చినవే చేయనివ్వండి, పరీక్షలకు ముందు నెల పూర్తిగా విరామం ఇవ్వండి. మూడు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు కొలిచి తేదీతో రాసిపెట్టండి. ఎత్తు వేగంగా పెరుగుతున్న నెలల్లో గెంతులు తగ్గించమని మాతో చెప్పండి. సినిమా క్లిప్ పంపేటప్పుడు అందులో ఆడినవారి పుట్టిన సంవత్సరం కూడా వెతికి, దాంతో పాటే మీ బిడ్డకు చూపించండి.