రాళ్లు పగలగొట్టే మిషన్ ఎముకల దాకా ఎలా వచ్చింది?

చెన్నైలో ఎముక విరిగితే చాలామంది తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. ఇప్పుడు ఫిజియోథెరపీ సెంటర్ల ముందు 'షాక్‌వేవ్' అనే మిషన్ చికిత్స బోర్డులు కూడా కనిపిస్తున్నాయి. షుగర్ ఉండి, నెలలు గడిచినా ఎముక అతకనివాళ్లకు ఆ బోర్డు చూస్తే ఆశ పుట్టడం సహజం.

అసలు ఈ మిషన్ ఎముకల కోసం పుట్టలేదు. జర్మనీలో విమానాలు తయారుచేసే డోర్నియర్ కంపెనీ పరిశోధనల నుంచి వచ్చింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం దీంతో మొదటిసారి ఒక రోగి కిడ్నీలో రాయిని కోత లేకుండా పగలగొట్టింది. ఇందులో కరెంటు షాకేమీ ఉండదు, చర్మం మీదుగా లోపలికి వెళ్లే ఒత్తిడి తరంగం మాత్రమే. మూత్రనాళంలో తుంటి ఎముక దగ్గరున్న రాళ్లకు ఇది వాడితే ఎముక దెబ్బతింటుందేమోనన్న అనుమానంతో జంతువుల మీద పరీక్షలు చేశారు. తీరా చూస్తే తరంగం తగిలినచోట కొత్త ఎముక పెరిగింది! 1991లో బల్గేరియా వైద్యులు వల్చానోవ్, మిహైలోవ్ అతకని ఎముకలున్న 82 మందికి ఈ చికిత్స చేసి, 70 మందికి అతికిందని ప్రకటించారు. పోల్చి చూడటానికి చికిత్స ఇవ్వని రోగులు అందులో లేరు. ఆ లెక్కను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి.

షుగర్ సంగతికొస్తే, చెన్నైకి దానితో పాత పరిచయమే. డాక్టర్ ఎం. విశ్వనాథన్ 1948లోనే స్టాన్లీ ఆసుపత్రిలో డయాబెటిస్ క్లినిక్ మొదలుపెట్టారు. దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో లెక్క తేల్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వేలోనూ చెన్నై పరిశోధకులదే ముఖ్యపాత్ర.

రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని దాన్ని పెళుసుగా చేస్తుంది. సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, ఎముక కట్టే కణాలు మందగిస్తాయి. టైప్ 2 వాళ్లకు స్కాన్‌లో సాంద్రత బాగానే కనిపించినా ఎముక విరగడానికి కారణం ఇదే. షాక్‌వేవ్ మీద ఆశ కూడా ఇక్కడే మొదలైంది. తరంగం తగిలిన కణజాలం వీఈజీఎఫ్, బీఎంపీ-2 లాంటి ప్రోటీన్లను పెంచుతుంది. మొదటిది కొత్త రక్తనాళాలకు, రెండోది కొత్త ఎముకకు దారి తీస్తుంది. షుగర్ పోగొట్టేది కూడా సరిగ్గా ఈ రెండింటినే కదా!

వాదన బాగుంది కానీ షుగర్ ఉన్నవాళ్ల ఎముకల విషయంలో ఆధారమే ఇంకా పలచగా ఉంది. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2000లో మడమ నొప్పికి, 2017లో షుగర్ రోగుల కాలి పుండ్లకు షాక్‌వేవ్ పరికరాలను అనుమతించింది. పుండు మానితే ఎముక కూడా అతుకుతుందని చెప్పలేం.

ఇంకో చిక్కు మిషన్‌తోనే. ఫిజియోథెరపీ గదుల్లో ఎక్కువగా ఉండేది గాలి ఒత్తిడితో నడిచే రేడియల్ రకం. దాని శక్తి చర్మం దగ్గరే ఎక్కువ, లోతుకు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. మడమకు, భుజానికి అది చాలు. తొడ ఎముకకో కాలి ఎముకకో కావాలంటే లోపల ఒకచోట కేంద్రీకరించే ఫోకస్డ్ రకం ఉండాలి. అదున్నా, విరిగిన ముక్కల మధ్య ఎడం ఎక్కువున్నప్పుడో, అవి కదులుతున్నప్పుడో, లోపల చీము పట్టినప్పుడో తరంగాలతో పని జరగదు, ఆపరేషన్ గురించే మాట్లాడుకోవాలి.