పీడ పోయింది, పాపం పోయాడు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్. పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఫోన్లు మోగుతాయి. ఏళ్ల తరబడి జనం తిట్టుకున్న నాయకుడొకడు పోయాడని కబురు. "పీడ ఇరగడయిపోనాది" అంటాడొకడు. గ్లాసు సగం కాకముందే అదే నోటితో "పాపం, ఆ పిల్లలు..." అని ఆగిపోతాడు. పక్కవాడు నవ్వుతాడు: "ఏటి బావా, ఏదో ఒకటి సెప్పు!"

ఏదో ఒకటే చెప్పాలన్న నిబంధన మనసుకి లేదు. సంతోషమూ దుఃఖమూ త్రాసులో రెండు తట్టల్లాంటివని, ఒకటి లేస్తే రెండోది దిగాల్సిందేనని మనస్తత్వ శాస్త్రంలో చాలామంది అనుకునేవారు. 1994లో జాన్ కాసియొప్పో, గ్యారీ బెర్న్‌ట్సన్ వేరే లెక్క చెప్పారు. మంచిని కొలిచే మీటరు ఒకటి, చెడుని కొలిచే మీటరు మరొకటి. మామూలు రోజుల్లో ఒకటి తిరిగితే రెండోది ఆగుతుంది కాబట్టి ఉన్నది ఒకటే మీటరని పొరబడతాం. 2001లో జెఫ్ లార్సెన్ బృందం దీన్ని సినిమా హాలు దగ్గర పరీక్షించింది. ఆ సినిమా 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్', నాజీ శిబిరంలో కొడుకుకి భయం తెలియకుండా కాపాడుకునే తండ్రి కథ. లోపలికి వెళ్లేవాళ్లలో సంతోషమూ బాధా రెండూ ఉన్నాయన్నది పదిమందిలో ఒకరు. చూసి బయటికొచ్చినవాళ్లలో సగానికి కాస్త తక్కువ మంది ఆ మాట అన్నారు.

ఇక టీ కొట్టు దగ్గరి ఆ మొదటి మాట, 'పీడ' సంగతి. గిట్టనివాడికి దెబ్బ తగిలితే మనకి 'కడుపు చల్లబడుతుంది'. జర్మన్లు దీన్ని షాడెన్‌ఫ్రాయిడ అంటారు. మన మాటే నయం, ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో కూడా చెబుతోంది. 2006లో లండన్‌లో టానియా సింగర్ బృందం 32 మందితో డబ్బుల ఆట ఆడించింది. వాళ్లతో ఆడినవాళ్లు ముందే కుదుర్చుకున్న నటులు, ఒకరు నిజాయితీగా, ఒకరు మోసంగా ఆడారు. తర్వాత ఆ నటుల చేతికి నొప్పి పుట్టిస్తూ, చూస్తున్నవాళ్ల మెదడుని స్కాన్ చేశారు. నిజాయితీపరుడికి నొప్పి పుడితే ఆడా మగా అందరి మెదడులోనూ సానుభూతి జాడలు కనిపించాయి. మోసగాడికి పుట్టినప్పుడు మగవాళ్లలో ఆ జాడలు బాగా తగ్గి, బహుమానం దొరికినప్పుడు వెలిగే భాగాలు వెలిగాయి. ఆడవాళ్లలో సానుభూతి అంతగా తగ్గలేదు. దీన్ని పట్టుకుని ఆడ మనసు, మగ మనసు అని ఉపన్యాసాలివ్వక్కర్లేదు. శిక్ష ఒంటి నొప్పి కాకుండా వేరే రకమైతే ఫలితం మారవచ్చని పరిశోధకులే హెచ్చరించారు.

ఆ చల్లదనం ఎందుకు నిలవదన్నది నాకు ఇంకా ఆసక్తి కలిగించే ప్రశ్న. 2011లో ఒసామా బిన్ లాడెన్ చనిపోయినప్పుడు వైట్‌హౌస్ ముందు జనం గంతులేశారు. కానీ ఆ చావు గురించి చదివిన అమెరికన్ల మూడ్‌ని పరిశోధకులు కొలిస్తే తీపీ చేదూ కలిసే కనిపించాయి. 2017లో వచ్చిన ఈ పరిశోధన చెప్పిన కారణం సూటిగా ఉంది. శిక్ష పడిందన్న కబురు, అతను చేసిన పనిని కూడా మళ్లీ కళ్ల ముందుకి తెస్తుంది. మన దగ్గరా అంతే. భూమి పోగొట్టుకున్న కుటుంబానికి ఆ నాయకుడి చావు కబురు అందితే, ముందు గుర్తొచ్చేది ఆ భూమే. పైగా అడగాల్సిన ప్రశ్నలకి జవాబు చెప్పేవాడే లేకుండా పోయాడు. 'హమ్మయ్య' వెనకే వచ్చే చిరాకు చాలావరకు ఇదే. దాన్ని జాలి అనుకుని కంగారు పడేవాళ్లున్నారు.

'చచ్చినవాడి కళ్ళు చారెడు' అన్నారు పెద్దలు. పోయినవాణ్ణి పెంచి చెప్పడం పరిశోధనల్లోనూ కనిపిస్తుంది. స్కాట్ ఆలిసన్ తన సహచరులతో కలిసి కల్పిత నాయకుల వివరాలు ఇచ్చి మార్కులు వేయిస్తే, బతికున్నవాడి కంటే చనిపోయాడని చెప్పినవాడికి ఎక్కువ పడ్డాయి. అయితే 2009లో వాళ్లే ఒక మెలిక చూపించారు. చేతగానివాడిగా పేరున్నవాణ్ణి చావు కొంత క్షమింపజేస్తుంది, నీతి తప్పినవాడి మీద మాత్రం తీర్పు ఇంకా కఠినమవుతుంది. బతికున్నవాడు రేపు మారొచ్చు, పోయినవాడి ఖాతా మూసేసినట్టే. సామెతకి ఈ మినహాయింపు చేర్చుకోవాలి.

రావణుడు పడ్డాక విభీషణుడిలోనూ దుఃఖమూ కోపమూ రెండూ కనిపిస్తాయి. అన్న శవం మీద పడి ఏడ్చాడు. దహనం చెయ్యమంటే, ఇలాంటివాడికి చెయ్యనన్నాడు. రాముడు 'మరణాంతాని వైరాణి' అన్నాడు. చావుతో వైరం తీరిందన్నాడే తప్ప, రావణుడు చేసింది తప్పు కాదనలేదు.

ఒక మనసులోనే కాదు, రెండు ఊళ్ల మధ్యా ఇది ఉంటుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు పెద విజయరామరాజుని చంపాడు. బొబ్బిలి చెప్పుకునే కథలో అది వీరత్వం. విజయనగరంలో ఆ రాజు చెల్లెలే పైడితల్లి అమ్మవారని నమ్ముతారు, దసరా వెళ్లాక ఏటా ఆమెకే సిరిమాను ఉత్సవం. బొబ్బిలి నుంచి కోడల్ని తెచ్చుకున్న విజయనగరం ఇళ్లలో రెండు కథలూ ఒకే వంటింట్లో చెప్పుకుంటారు, ఎవరికీ అన్నం మానేసే అవసరం రాలేదు.

మరి చెయ్యాల్సిందేమిటి? ముందు లోపలున్నదానికి విడివిడిగా పేర్లు పెట్టుకోవాలి: ఊరట ఎంత, కసి ఎంత, పాత గాయం ఎంత, 'మనమూ పోతాం కదా' అన్న భయం ఎంత. భావానికి పేరు పెడితే మెదడులో భయం లాంటి భావాలకి స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చూపించింది. 'ఎలాగో ఉంది' అని వదిలేస్తే కుదరదు, మాట కచ్చితంగా ఉండాలి.

వాట్సాప్ గ్రూపుల్లో తేడా కొట్టేది తొందరవల్ల. ఊరి గ్రూపులో ఒకరు నవ్వు బొమ్మ పెడతారు. పోయినాయన మేనల్లుడు ఆ గ్రూపులోనే ఉంటాడు. రెండో రకం పొరపాటు, నిన్నటిదాకా తిట్టినవాళ్లు 'తీరని లోటు' అని పెట్టడం. పాత పోస్టు తవ్వి ఎవరో ఒకరు కింద అతికిస్తారు. 'కుటుంబ సభ్యులకి నా సానుభూతి' అన్న ఒక్క వాక్యం చాలు, అందులో అబద్ధం లేదు. ఆయన పాలన మీద రాయదలిస్తే రాయండి, కానీ తేదీలూ పనులూ రాయండి, శాపాలు రాస్తే చదివేవాడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

పరామర్శకి వెళ్లక తప్పనప్పుడు పొగడక్కర్లేదు. కూర్చుని "ఎలా జరిగింది?" అని అడిగితే చాలు, ఆ తర్వాత ఇంట్లోవాళ్లే చెబుతారు. ఆయనకి రాత్రి ఆయాసం ఎప్పుడొచ్చింది, ఆటో దొరకడానికి ఎంతసేపు పట్టింది, ఆస్పత్రి మెట్ల దగ్గర ఏమన్నాడు.