స్టార్‌ని ఉంచుకోవాలా, ట్రేడ్ చేయాలా: బేస్‌బాల్‌లో అపోహలు - వాస్తవాలు

బేస్‌బాల్ ఆటగాళ్ల కాంట్రాక్టులకు విలువ కట్టడం నా పని. ఎవరికి ఎన్నేళ్లు, ఎంత ఇవ్వొచ్చు, ట్రేడ్ చేస్తే (అంటే వేరే జట్టుకు ఇచ్చేస్తే) బదులుగా ఏ ఆటగాళ్లను అడగొచ్చు అన్నది రోజూ చూసే లెక్కే. వర్జీనియాలో ఉండే మనవాళ్లు చాలామంది పిల్లల్ని వాషింగ్టన్ నేషనల్స్ మ్యాచ్‌లకు తీసుకెళ్తుంటారు. 2022 ఆగస్టులో ఆ జట్టు స్టార్ బ్యాటర్ హువాన్ సోటోను శాన్ డియేగో జట్టుకు ట్రేడ్‌లో ఇచ్చేసినప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలే నాకు ఇప్పటికీ ఎదురవుతుంటాయి. "23 ఏళ్ల కుర్రాణ్ణి ఎవరైనా వదులుకుంటారా?" అని. అందుకే ఎక్కువ ఉదాహరణలు ఆ జట్టు నుంచే తీసుకుంటున్నాను.

అపోహ: ఇది ఐపీఎల్ రిటెన్షన్ లాంటిదే.

కాదు. ఐపీఎల్‌లో అన్ని ఫ్రాంచైజీలకూ పర్సు ఒకటే. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి పరిమితి లేదు. ఒక గీత ఉంది (2025లో 24.1 కోట్ల డాలర్లు), అది దాటితే లగ్జరీ టాక్స్ కట్టాలి, అంతే. అసలు తేడా ఏళ్లలో ఉంది. మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆటగాడు మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతానికే ఆడతాడు. 2025లో అది 7.6 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్లు బేరం కుదరకపోతే మధ్యవర్తి ముందు కూర్చుని జీతం తేల్చుకుంటారు. మొత్తం ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యాకే అతను ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. అప్పటిదాకా హక్కు జట్టుదే. నేను ఎవరి ఫైలు తెరిచినా మొదట చూసేది హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) కాదు, ఆ ఆరేళ్లలో ఇంకా ఎంత మిగిలిందన్నది.

అపోహ: స్టార్ వెళ్లిపోతే జట్టు పని అయిపోయినట్టే.

స్టార్ బ్యాటర్ బ్రైస్ హార్పర్ 2019 సీజన్ ముందు నేషనల్స్‌ను వదిలి ఫిలడెల్ఫియా జట్టుతో 13 ఏళ్లకు 33 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏడాదే నేషనల్స్ వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచింది. అలాగని హార్పర్ తగ్గిపోలేదు, 2021లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. వదిలిన జట్టూ గెలవొచ్చు, తీసుకున్న జట్టూ గెలవొచ్చు. 2011 తర్వాత స్టార్ బ్యాటర్ ఆల్బర్ట్ పూహోల్స్ సెయింట్ లూయిస్ నుంచి ఏంజెల్స్ అనే జట్టుకు పదేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లినప్పుడు, అప్పటి నిబంధనల ప్రకారం ఏంజెల్స్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లలో ఒకరిని ఎంచుకునే వంతు) సెయింట్ లూయిస్‌కు దక్కింది. దాంతో 2012లో తీసుకున్న మైకేల్ వాకా మరుసటి ఏడాదే, 2013లో, జట్టును వరల్డ్ సిరీస్‌కు చేర్చిన పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు). పూహోల్స్ ఉన్నన్నాళ్లూ ఏంజెల్స్ ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

అపోహ: డబ్బుంటే కళ్లు మూసుకుని ఉంచుకోవడమే మంచిది.

2019 డిసెంబర్‌లో, ఒకే వారంలో, నేషనల్స్ స్టార్‌లు ఇద్దరికి ఒకే కాంట్రాక్టు దొరికింది: ఏడేళ్లు, 24.5 కోట్లు. వరల్డ్ సిరీస్ ఎంవీపీ అయిన పిచ్చర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను నేషనల్స్ ఉంచుకుంది. ఆంథొనీ రెండాన్ ఏంజెల్స్‌కు వెళ్లాడు. ఆ తర్వాత స్ట్రాస్‌బర్గ్ ఆడింది 8 మ్యాచ్‌లే. గాయాలు, సర్జరీలు, చివరికి 2024లో రిటైర్మెంట్. రెండాన్ ఏంజెల్స్ తరఫున ఏ సీజన్‌లోనూ 60 మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. బేస్‌బాల్ కాంట్రాక్టు పూర్తి గ్యారంటీ, గాయపడినా జీతం ఆగదు. స్ట్రాస్‌బర్గ్‌కు అప్పటికే 31 ఏళ్లు, అంతకుముందు మోచేతి సర్జరీ కూడా అయింది. గెలుపు సంబరంలో చేసిన సంతకం అది. పిచ్చర్‌కు ఏడేళ్లు అనగానే ఇప్పటికీ నాకు టెన్షనే.

బ్యాటర్ సంగతి వేరు, అందులోనూ అందరూ ఒకటి కాదు. వేగం మీద బతికే ఆటగాడు ముప్పై దాటాక త్వరగా తగ్గుతాడు. కన్ను మీద బతికేవాడు ఎక్కువ కాలం నిలుస్తాడు. సోటోను గమనించండి. బంతి స్ట్రైక్ జోన్‌కు (బ్యాటర్ కొట్టాల్సిన పరిధికి) అంగుళం బయటపోతే బ్యాట్ కదపడు. వదిలేసి, కాళ్లు నేల మీద రాస్తూ, పిచ్చర్ కళ్లలోకి చూస్తాడు. ఆ ఓపిక అంత తొందరగా పోయేది కాదు.

అపోహ: ట్రేడ్ చేస్తే కనీసం సరైన ఫలితం వస్తుంది.

ఎప్పుడు చేశారన్నదాన్ని బట్టి. సోటో 15 ఏళ్లకు 44 కోట్ల ఆఫర్‌ను కాదన్నాక నేషనల్స్ వెంటనే కదిలింది. అప్పటికి అతని మీద రెండేళ్లకు పైగా హక్కు మిగిలి ఉంది. అందుకే సీజే ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, అప్పటికి 19 ఏళ్ల జేమ్స్ వుడ్ లాంటి కుర్రాళ్లు దొరికారు. ముగ్గురూ ఆల్ స్టార్‌లయ్యారు, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికయ్యారు. అయినా 2025లో ఆ జట్టు 96 మ్యాచ్‌లు ఓడింది. ట్రేడ్ కుర్రాళ్లను ఇస్తుంది కానీ, వాళ్ల చుట్టూ పిచింగ్‌ను, బెంచ్‌ను కట్టడం జట్టే చేసుకోవాలి. సోటో 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్ నుంచి 15 ఏళ్లకు 76.5 కోట్లు తెచ్చుకున్నాడు. ఆ ఆఫర్‌ను కాదన్నది సరైన నిర్ణయమేనని అప్పుడు తేలింది. అతను ఒప్పుకోడని తెలిశాక నేషనల్స్ ట్రేడ్ చేయడమూ సరైనదేనని నా అభిప్రాయం.

బోస్టన్ సంగతి చూడండి. 2018లో వరల్డ్ సిరీస్ గెలిపించిన మూకీ బెట్స్‌ను ఒప్పందంలో ఒక్క ఏడాది మిగిలుండగా, 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చింది. పైగా డేవిడ్ ప్రైస్ అనే పిచ్చర్ పెద్ద జీతాన్ని కూడా అదే ట్రేడ్‌లో వదిలించుకోవాలని చూసింది. భారం అంటగడితే బదులు వచ్చేది తగ్గుతుంది. వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ స్టార్ కాలేదు. డాడ్జర్స్ మాత్రం బెట్స్‌ను 12 ఏళ్లకు కట్టేసుకుని 2020, 2024, 2025లో ట్రోఫీ గెలిచింది.

అన్నింటికంటే నాకు బాధ కలిగించేది 2023లో ఏంజెల్స్ చేసిన పని. వాళ్ల స్టార్ షోహెయ్ ఒహ్తాని ఒప్పందానికి రెండు నెలలే మిగిలాయి. ట్రేడ్ చేయం, ప్లేఆఫ్స్‌కు పోతాం అని ప్రకటించి, కుర్రాళ్లను ఇచ్చి పిచ్చర్ లూకస్ జియోలిటోను తెచ్చుకుంది. ఆగస్టు ముగిసేలోపే కుప్పకూలి, ఆ జియోలిటోను కూడా ఊరికే వదిలేసింది. సీజన్ 73 విజయాలతో ముగిసింది. ఒహ్తాని డాడ్జర్స్‌కు వెళ్లాడు, ఏంజెల్స్‌కు దక్కింది ఒక డ్రాఫ్ట్ పిక్.

అపోహ: ఉన్నవి రెండే దారులు.

మూడోది అట్లాంటా చూపించింది. రొనాల్డ్ అకూన్యాతో 2019లోనే, అతనికి 21 ఏళ్లప్పుడే, ఎనిమిదేళ్లకు 10 కోట్ల ఒప్పందం చేసుకుంది. అతను 2023లో ఎంవీపీ. 2022లో మరో స్టార్ ఫ్రెడ్డీ ఫ్రీమన్‌తో బేరం కుదరకపోయేసరికి, అతను వెళ్లేదాకా చూస్తూ కూర్చోలేదు. అదే స్థానంలో ఆడే మ్యాట్ ఓల్సన్‌ను ట్రేడ్‌లో తెచ్చుకుని, మరుసటి రోజే ఎనిమిదేళ్ల కాంట్రాక్టు చేతిలో పెట్టింది. ఇలాంటి ఒప్పందానికి కుర్రాడు ఎందుకు ఒప్పుకుంటాడంటే, గాయమైతే అతనికీ భయమే. అందుకే ఈ ఆఫర్ మొదటి రెండేళ్లలోనే ఇవ్వాలి. మధ్యవర్తి దగ్గర ఒకసారి మంచి జీతం వచ్చాక అతనికి ఆ తొందర ఉండదు.