నక్షాలో లేని రాయి

పిల్లలూ,

దసరా సెలవుల్లో చెరువు కట్ట మీద నడుస్తుంటే మీలో ఒకరు నన్ను అడిగారు, "తాతా, ఆ చేన్లో సున్నం పూసిన రాళ్లు ఎందుకు పాతారు?" అని. వెంచర్ వస్తోందని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అడిగినవాళ్లకు పూర్తిగా చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఏళ్లకు పైగా భూములు కొలిచినవాణ్ని. మొదట్లో మా చేతిలో 33 అడుగుల ఇనుప గొలుసు ఉండేది. ఆ పొడవుతో నాలుగు పక్కలా కొలిస్తే ఒక గుంట, అంటే 121 గజాలు. అలాంటివి 40 అయితే ఎకరం. టీపన్, అంటే సర్వే నంబరు కొలతలు రాసిన కాగితం, చేత పట్టుకుని, హద్దురాయి నుంచి హద్దురాయికి గొలుసు లాగుతూ ఎన్నో ఊళ్లు తిరిగాను. అన్నేళ్లలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటే. భూమి గురించి నిర్ణయం తీసుకునేవాళ్లలో చాలామంది ఆ భూమిని చూడరు, కాగితాన్ని చూస్తారు. నక్షాలో గీయని బావి, గీయని గుడి, గీయని రాయి ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చేసరికి లేనట్టే.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ఒకసారి ఒక ఊళ్లో ఆరెకరాలు కొలిచాను. గట్టు మీద ఒక వీరగల్లు ఒరిగి ఉంది. కింద కత్తి దూసిన మనిషి, మధ్యలో ఆ మనిషిని చేతులు పట్టి పైకి తీసుకెళ్తున్న అప్సరసలు, పైన సూర్యచంద్రులు. ఊరి కోసమో, పశువుల మంద కోసమో పోరాడి చనిపోయినవాడికి నిలబెట్టిన రాయి అది. ఆ చేను చేసే ముసలమ్మ విత్తనం వేసే ముందు దానికి ఒక కుడుక, బెల్లం ముక్క పెట్టేది. నేను చూశాను. స్కెచ్‌లో మాత్రం గీయలేదు. గీయమని నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. రెండేళ్ల తర్వాత అటు వెళ్తే ప్లాట్లు, మట్టి రోడ్లు, మధ్యలో ఒక ఆర్చి ఉన్నాయి. రాయి ఎక్కడని అడిగితే, రోడ్డు గుంతలో పడేసి పైన మొరం పోశారని ఒకతను చెప్పాడు. ఆ ముసలమ్మ మొహం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ డోజర్ నడిపినతని మీద నాకు కోపం లేదు. అతని చేతిలోని కాగితంలో ఆ రాయి లేదు, ఉండాల్సింది నా స్కెచ్‌లో.

ఓరుగల్లు అనగానే అందరికీ గుర్తొచ్చేవి కోటలోని నాలుగు తోరణాలు, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మన ఊళ్లల్లో అందరం సంబరపడ్డాం. వాటికి కాపలా ఉంది, చట్టం ఉంది. నా దిగులు వాటి గురించి కాదు. పాతవిగా కనిపించని పాతవాటి గురించి. ఓరుగల్లు చుట్టూ ఉన్న మట్టికోటనే చూడండి. తెలియనివాళ్లకు అది తుమ్మచెట్లు మొలిచిన పెద్ద గట్టు, అంతే. ములుగు వైపు దామరవాయి దగ్గర పెద్ద పెద్ద బండలతో కట్టిన ఆదిమకాలపు సమాధులున్నాయి. అలాంటివాటిని మన జనం రాకాసి గూళ్లు అంటారు. అక్కడ బండలు నిలబడి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మరికొన్ని చోట్ల అదే కాలపు సమాధి చుట్టూ ఒక రాళ్ల వలయం మాత్రమే ఉంటుంది. జేసీబీ డ్రైవరుకు అవి ఏరి పారేయాల్సిన రాళ్లు.

పాటిగడ్డ సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. చాలా ఊళ్లలో ఏదో ఒక చేనును పాటిమీద అనో, పాటిగడ్డ అనో పిలుస్తారు. పాటి అంటే ఒకప్పుడు జనం బతికి వదిలేసిన చోటు. అక్కడ మట్టి బూడిదరంగులో ఉంటుంది. దున్నితే కుండపెంకులు, పూసలు, ఒక్కోసారి నాణేలు బయటపడతాయి. ఆ మన్నులో సారం ఎక్కువని మా చిన్నప్పుడు బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్లు. ఎన్ని వందల ఏళ్ల ఊరిని అలా ఎరువుగా చల్లేశామో! పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, అది ఒక సర్వే నంబరు మాత్రమే. అక్కడ ఊరుండేదన్న ఆనవాలు జనం నోట్లో ఉన్న ఆ పేరొక్కటే. వెంచర్ వచ్చి దానికి ఇంకో కొత్త పేరు పెడితే అదీ పోతుంది.

ఇప్పుడు చట్టం మాట. కేంద్ర ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించినవాటికి 1958 నాటి చట్టం ఉంది. 2010లో దాన్ని సవరించి గట్టిపరిచారు. దాని ప్రకారం కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని మాత్రమే కట్టాలి. రాష్ట్రం తరఫున 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చెరువులకు వేరే నియమం. 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే నీళ్లు నిండుగా నిలిచే గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలైతే 9 మీటర్లు వదలాలి. ఇవి మంచి నియమాలు. కానీ గట్టు మీది వీరగల్లు ఏ జాబితాలోనూ లేకపోతే దాని చుట్టూ ఒక్క మీటరు కూడా వదలమని అడిగే ఆధారం దొరకదు.

లేఅవుట్ దరఖాస్తు ఆఫీసుకు వెళ్లినప్పుడు ఏం చూస్తారో కూడా తెలుసుకోండి. పట్టా ఎవరి పేరున ఉంది, నాలా మార్పిడి (సాగుభూమిని వేరే వాడకానికి మార్చడం) అయిందా, దారి ఎన్ని అడుగులుంది, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి కలిసిందా, ఓపెన్ స్పేస్ ఎంత వదిలారు, ఇవన్నీ చూస్తారు. పాత గుడో, శాసనమో, బురుజో ఉందా అన్నది ఊళ్లోంచి ఎవరైనా చెబితే తప్ప వాళ్లకు తెలిసే దారి తక్కువ. చెప్పే వేళ కూడా ముఖ్యం. ప్లాట్లు గీయకముందే చెబితే పెద్ద ఖర్చేమీ లేదు. ఎలాగూ కొంత స్థలం అందరి కోసం వదలాలి కదా, ఆ ఓపెన్ స్పేస్‌ను మెట్లబావి వైపుకో, వీరగల్లు వైపుకో జరిపి గీస్తే చాలు. గీత జరపడానికి ఒక పూట పని, నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. అదే ప్లాట్లు అమ్ముడుపోయి రిజిస్ట్రేషన్లు అయ్యాక అడిగితే ఎవరికీ కుదరదు. అప్పటికి ఆ చోటు ఎవరో కూలీనాలీ చేసి కొనుక్కున్న 150 గజాలు అయిపోయి ఉంటుంది.

ఒక్క రాయి కోసం ఇంత గొడవ ఎందుకని మీకు ఎవరైనా అంటారు. వాళ్లకు బయ్యారం చెరువు సంగతి చెప్పండి. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ ఆ చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల తాతముత్తాతల వరుస ఆ శాసనం వల్లే మనకు తెలిసింది. ఒక చెరువు దగ్గరి రాయి ఒక రాజవంశం చరిత్ర చెప్పింది! కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల పక్కన బొమ్మలగుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపన తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి బండ మీద శాసనం చెక్కించాడు. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ భారతానికి ముందే మన భాషలో కందం నడిచిందని ఆ బండ సాక్ష్యం చెబుతోంది. అలాంటి గుట్టకు కూడా గ్రానైట్ క్వారీల వల్ల ముప్పు వచ్చింది, దాన్ని కాపాడమని చరిత్ర తెలిసినవాళ్లు గొంతు చించుకోవాల్సి వచ్చింది.

కొలతగాడిగా నాకు శాసనాల మీద ఇంకో ప్రేమ ఉంది. చాలా శాసనాలు నిజానికి భూమి కాగితాలే. ఫలానా చెరువు వెనక, ఫలానా కాలువ పక్కన ఇన్ని మర్తురుల (మర్తురు అంటే అప్పటి భూమి కొలత) భూమి గుడికి ఇచ్చామని రాసి ఉంటుంది. అంటే మా టీపన్‌కు ఏడెనిమిది వందల ఏళ్ల ముందటి టీపన్ అది. అందుకే రాయిని క్రేనుతో లేపి గుడి ముందు పెట్టి, చూడండి కాపాడామంటే నాకు మనసొప్పదు. ఉన్నచోట ఉంటేనే అది చెప్పే కాలువ ఎటు పోయిందో, తూము ఎక్కడుండేదో తెలుస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. భూమి అమ్ముకునే రైతును తప్పుపట్టకండి. బిడ్డ పెళ్లో, ఆసుపత్రి బిల్లో, అప్పో ఉంటుంది. ఇళ్లు కూడా కావాలి, రేపు మీకే కావాలి. గుప్తనిధుల కోసం రాత్రిపూట నందిని పెకలించేవాడు వేరు, అవసరానికి అమ్ముకునే రైతు వేరు. రైతుతో మర్యాదగా మాట్లాడితే ఎక్కువసార్లు అతనే ముందుండి రాయిని చూపిస్తాడు. తన చేన్లో ఉన్నదాన్ని అతనికన్నా ఎరిగినవాళ్లు లేరు.

మరి మీరు చేయగలిగింది ఏమిటంటే, వెంచర్ నక్షా రాకముందే మన ఊరి నక్షా తయారు చేయడం. బొడ్రాయి నుంచి మొదలుపెట్టి కట్ట, తూము, మత్తడి, మెట్లబావి, పాడుబడ్డ గుడి, బురుజు, పాటిగడ్డ అన్నీ తిరగండి. ఒక్కో చోట సర్వే నంబరు రాయండి, దగ్గరి హద్దురాయి నుంచి ఎన్ని మీటర్లో టేపుతో కొలవండి, ఫోన్లో లొకేషన్ పట్టుకోండి. ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి, సైజు తెలుస్తుంది. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో గీయకండి, నూనె పోయకండి, రంగు వేయకండి. పొద్దున ఏటవాలు ఎండలో తీస్తే అక్షరాలు వాటంతటవే తేలతాయి. దేన్నీ కదిలించకండి. నాణెమో, విగ్రహమో దొరికితే జేబులో వేసుకోకుండా పెద్దవాళ్లతో తహసీల్దారుకు చెప్పించండి. ఆ చోటును జనం ఏమని పిలుస్తారో ముసలివాళ్లను అడిగి వాళ్లు అన్నమాట అన్నట్టే రాయండి.

నక్షా తయారయ్యాక గ్రామసభకు తీసుకెళ్దాం. నోటితో చెప్పి వచ్చేస్తే లాభం లేదు. తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాలి. దాని నకళ్లు కలెక్టరేట్‌కు, రాష్ట్ర హెరిటేజ్ శాఖకు, లేఅవుట్లు మంజూరు చేసే ఆఫీసుకు ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిచోటా అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోవాలి. ఆ ముద్ర పడ్డ కాగితం ఒకటి మీ బడిలో, ఒకటి పంచాయతీలో ఉండాలి. ఆఫీసులు తిరిగే పని నాకు వదిలేయండి, అక్కడి మెట్లు నాకు అలవాటే.

సున్నం రాళ్లు పాతిన ఆ చేను పక్క గట్టు మీద సగం మట్టిలో కూరుకుపోయిన రాయి ఒకటుంది. మీరు దాని మీద కూర్చునే రేగుపళ్లు తిన్నారు. నాకు దాని అంచున సూర్యుడి గుర్తులాంటిది కనిపించింది. వెంచర్ నక్షా ఇంకా ఆఫీసుకు వెళ్లలేదని విన్నాను. ఆదివారం పొద్దున ఏడు గంటలకు కట్ట దగ్గరికి రండి. రైతుతో మాట్లాడాను, రమ్మన్నాడు. టేపు నేను తెస్తాను, మీరు తెల్లకాగితాలు, పెన్సిళ్లు తెచ్చుకోండి. మొదటి గీత ఆ రాయి దగ్గర నుంచే గీద్దాం.

మీ తాత